గడ్డిలోని నీళ్ళు

పిల్లలూ! మీలో ఎంతమంది గడ్డివాము చూశారు? పట్నంలో పుట్టి పెరిగినవాళ్ళు చూసి ఉండకపోతే మీ తాతయ్యను అడగండి, చెబుతారు. వరి కోసి, నూర్చి, గింజలు ఇంటికి చేర్చిన తరవాత మిగిలిన గడ్డిని వాముగా వేస్తారు. పశువులకు అది ఏడాది పొడుగునా మేత. అయితే వరిగడ్డిలో సారం తక్కువ. మొక్క తన బలమంతా గింజకు ధారపోసిన తరవాత మిగిలేది గదా అది!

చాలా చలిదేశాలలో పశువులకు దాచిపెట్టే మేత ఇలాటిది కాదు. గింజ పట్టకముందే, మొక్క పచ్చగా, లేతగా ఉండగానే కోసి, ఎండబెట్టి దాస్తారు. ఇంగ్లీషులో దాన్ని ‘హే’ అంటారు. మనం ఎండుమేత అందాం. మీ అమ్మమ్మ వేసవిలో గోరుచిక్కుడు కాయలూ, మామిడి ముక్కలూ ఎండబెట్టి వరుగులు చేస్తుంది చూశారూ? ఎండుమేత కూడా అలాటిదే. అవి పశువులు తినే వరుగులన్నమాట.

“దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకో” అని మనవాళ్ళంటారు. ఇంగ్లీషువాళ్ళు అదే మాటను, ఎండ కాస్తూండగానే మేత ఎండబెట్టుకోమని చెబుతారు. వాళ్ళ దేశంలో ఎండ అంత అరుదు! గడ్డి ఏపుగా పెరగాలంటే వానలు పడాలి. పెరిగిన గడ్డి ఎండాలంటే వానలు ఆగాలి. ఈ రెండూ ఒకే కాలంలో కావాలి. చిక్కంతా అక్కడే ఉన్నది.

ఈ చిక్కును నేను కళ్ళారా చూసినది అమెరికాలో. 36 ఏళ్ళు పల్లెటూరి బడులలో పాఠాలు చెప్పి, హెడ్మాస్టరు పని చాలించుకున్న తరవాత, ఒక వేసవికి మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. వాళ్ళు విస్కాన్సిన్ రాష్ట్రంలో, మాడిసన్ పట్నానికి కొంచెం ఎడంగా ఉంటారు. అది పాడికి పేరుపడ్డ రాష్ట్రం. 1940 నుంచీ అక్కడి బళ్ళ నంబరు పలకల మీద కూడా, తమది అమెరికాకు పాడిసీమ అని రాసుకుంటున్నారు. చలికాలంలో నెలల తరబడి నేల మంచుతో కప్పుకుపోతుంది. అప్పుడు పశువులకు బయట గడ్డిపోచ దొరకదు. వేసవిలో దాచినదే తినాలి.

మా అమ్మాయి ఇంటి వెనకనే ఒక రైతు పొలం ఉన్నది. ఆయనకు నా వయసే ఉంటుంది. నేనూ, పదకొండేళ్ళ మా మనవడూ రోజూ సాయంత్రం ఆ గట్టున షికారు వెళ్ళేవాళ్ళం. ఆ పొలంలో వేసినది లూసర్న్. మన దేశంలోనూ పాడి రైతులు దీన్ని వేస్తారు. పేరుకు గడ్డి అంటాము గాని, నిజానికి ఇది చిక్కుడు జాతి మొక్క. వేసవిలో దాన్ని మూడు నాలుగు సార్లు కోస్తారు.

ముందు మనం ఒక లెక్క చేద్దాం. పలకలు తీయండి!

కోసినప్పుడు పచ్చిమేతలో నూటికి 80 వంతులు నీరే. 500 కిలోల మేత కోస్తే అందులో 400 కిలోలు నీరు, 100 కిలోలు అసలు పదార్థం. చెడిపోకుండా దాచాలంటే ఎండుమేతలో నీరు నూటికి 20 వంతులకు మించరాదు. పెద్ద కట్టలైతే ఇంకా తక్కువ ఉండాలి. అసలు పదార్థం 100 కిలోలు నూటికి 80 వంతులు కావాలంటే మొత్తం బరువు ఎంత ఉండాలి? 125 కిలోలు. అంటే 25 కిలోల నీరు ఉండిపోవచ్చు, తక్కిన 375 కిలోలూ పోవాలి. ఒక్క కిలో ఎండుమేతకు 3 కిలోల నీరు! ఎకరానికి 2 టన్నుల ఎండుమేత వస్తుందనుకుంటే, ఆ ఎకరం మీది నుంచి 6,000 లీటర్ల నీరు గాలిలో కలవాలి. నీటి ఎద్దడి వచ్చినప్పుడు మీ వీధిలోకి వచ్చే టాంకరును తలుచుకోండి. అన్ని నీళ్ళూ, ఎవరూ మొయ్యకుండా, మూడు నాలుగు రోజుల్లో ఆకాశంలోకి పోవాలన్నమాట.

ఈ లెక్క విని మా మనవడు, “తాతయ్యా, పెద్ద హీటరు పెట్టి ఎండబెట్టగూడదూ?” అన్నాడు.

మంచి ప్రశ్నే. దానికీ లెక్క ఉన్నది. కిలో నీటిని ఆవిరి చెయ్యటానికి కావలసిన వేడిని కరెంటుతో పుట్టిస్తే, ఇంచుమించు ఒక యూనిట్‌లో మూడింట రెండు వంతులు ఖర్చవుతుంది. 375 కిలోలకు ఎన్ని యూనిట్లు? 250 యూనిట్లు! అంత కరెంటు కాలిస్తే వచ్చేది 125 కిలోల మేత. మీ ఇంటికి నెలకు వచ్చే కరెంటు బిల్లుతో పోల్చి చూడమని మీ నాన్నగారిని అడగండి. ఏ రైతు తట్టుకోగలడు?

అందుచేత గడ్డిని ఎండబెట్టేది ఎక్కువగా సూర్యుడూ, గాలీనే. పొలంలో తిరిగే యంత్రాలు ఎన్ని ఉన్నా అవి వేడిని పుట్టించవు. గడ్డిలోని నీరు బయటికి వచ్చేందుకు దారి ఇస్తాయి, అంతే. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే తక్కినదంతా సులువుగా అర్థమవుతుంది.

సరిగా ఎండకపోతే ఏమవుతుంది? బూజు పడుతుందని మీరు వెంటనే చెబుతారు. నిజమే గాని, అంతకన్న పెద్ద అపాయం మరొకటి ఉన్నది. చలికాలం పొద్దున్నే పెంటకుప్పలో నుంచి ఆవిర్లు రావటం పల్లెటూళ్ళలో చూస్తాం. కుప్పలో ఉండే సూక్ష్మజీవులు పుట్టించే వేడి అది. తేమ ఉన్న మేతను కట్టలు కట్టి, కొట్టంలో ఒకదానిమీద ఒకటి పేర్చినా ఇదే జరుగుతుంది. గడ్డి వేడిని బయటికి పోనివ్వదు. లోపల వేడి పెరుగుతుంది. ఒక హద్దు దాటాక సూక్ష్మజీవులే ఆ వేడికి చచ్చిపోతాయి. కాని అప్పటికి గడ్డిలో రసాయన చర్యలు మొదలై, వేడి ఇంకా ఇంకా ఎక్కుతుంది. చివరకు ఎవరూ నిప్పు పెట్టకుండానే మేత అంటుకుంటుంది. ఇది కట్టలు పేర్చిన కొన్ని వారాల తరవాత కూడా జరగవచ్చు. అందుకే అక్కడి రైతులు పొడుగాటి గొట్టం చివర ఉష్ణమాపకం అమర్చి, దాన్ని కట్టల మధ్యకు గుచ్చి చూస్తారు. 65 డిగ్రీల సెంటిగ్రేడు దాటితే అపాయం దగ్గరపడినట్టే. 80 డిగ్రీలు దాటితే తమంతట తాము కట్టలు కదల్చరు, ముందు ఫైరింజనును పిలుస్తారు. ఎందుకంటే, కట్ట లాగగానే లోపలికి గాలి పోయి భగ్గుమనవచ్చు.

తడిసిన మేత కథ ఒకటి ఆ మాడిసన్ పట్నంలోనే జరిగింది. 1933 ఫిబ్రవరిలో ఒక రైతు మంచు తుఫానులో ఇంచుమించు 300 కిలోమీటర్లు ప్రయాణం చేసి అక్కడి విశ్వవిద్యాలయానికి వచ్చాడు. ఆయన బండిలో చనిపోయిన పెయ్య, ఒక పాలకాను నిండా గడ్డకట్టని రక్తం, కొంత పాడైపోయిన ఎండుమేత ఉన్నాయి. ఆయన పశువులు ఒకటొకటిగా, ఆగని రక్తస్రావంతో చచ్చిపోతున్నాయి. ఆ మేత స్వీట్ క్లోవర్ అనే మొక్కది. అందులో కూమరిన్ అనే సువాసన పదార్థం ఉంటుంది. మేతకు బూజు పట్టితే, ఆ కూమరిన్ రక్తాన్ని గడ్డకట్టనివ్వని విషంగా మారుతుంది. బూజు పట్టిన స్వీట్ క్లోవర్ పశువులను చంపుతుందని పశువైద్యులకు అప్పటికే తెలుసు, కాని ఆ విషం ఏమిటో ఎవరికీ తెలియదు. కార్ల్ పాల్ లింక్ అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన శిష్యులూ ఆరేళ్ళకు పైగా శ్రమించి, 1939లో ఆ విషాన్ని విడదీశారు. దాని పోలికతో వాళ్ళు తయారుచేసిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా వచ్చింది. 1954 నుంచి, రక్తం అనవసరంగా గడ్డకట్టే రోగులకు దాన్నే కొద్ది మోతాదులో ఔషధంగా ఇస్తున్నారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఆ మాత్ర వేసుకుంటున్నారేమో అడిగి చూడండి. అది తడి మేతలో నుంచి పుట్టిన మందు!

ఇక మేత ఎలా ఎండుతుందో చూద్దాం.

కోసిన మొక్క వెంటనే చచ్చిపోదు. అది ఇంకా కొంతసేపు శ్వాసిస్తూనే ఉంటుంది. శ్వాసించినంతసేపూ తనలో ఉన్న చక్కెరను తానే ఖర్చు పెట్టుకుంటుంది. త్వరగా ఎండితే ఆ చక్కెర మిగిలి, ఆవుకు దక్కుతుంది. ఆకులలో పత్రరంధ్రాలుంటాయని మీరు పాఠంలో చదివారు గదా. అవి వెలుతురులో తెరుచుకుని ఉంటాయి, చీకట్లో మూసుకుంటాయి. కోసిన మేతను వెంటనే పలచగా, వెడల్పుగా పరిస్తే, ఎండ తగిలినంతసేపూ ఆ తలుపులు తెరిచి ఉండి, నీరు మొదటి గంటల్లో జోరుగా పోతుంది. కుప్పగా వేస్తే లోపలి ఆకులకు చీకటి పడినట్టే గనక తలుపులు మూసుకుంటాయి. ఆ రైతు కోత యంత్రం మేతను కోసి, పొలమంతా చాప పరిచినట్టు పరిచేది. మరొక చిత్రం ఏమంటే, ఆయన మొదలంటా కోయలేదు. జానెడులో సగం ఎత్తు మోళ్ళు వదిలిపెట్టాడు. కోసిన మేత ఆ మోళ్ళ మీద మంచం మీద ఉన్నట్టుంటుంది. కింద తడినేల తగలదు, అడుగున గాలి ఆడుతుంది.

ఆకుల్లో నీరు త్వరగానే పోతుంది. మొండికేసేది కాడ. కాడ చుట్టూ నీరు పోనివ్వని మైనపు పొర ఉన్నది. అందుకని కోత యంత్రంలోనే వెనక పక్క రెండు రోలర్లు ఉంటాయి. మేత వాటి మధ్య నుంచి పోయేటప్పుడు కాడ అక్కడక్కడా నలిగి, చిట్లుతుంది. చెరుకు గానుగలో లాగా రసం పిండటం కాదు, పగుళ్ళు పెట్టటం మాత్రమే. ఆ పగుళ్ళలో నుంచి నీరు పోతుంది. ఆకూ కాడా ఇంచుమించు ఒకే సమయానికి ఎండుతాయి. కొందరు రైతులు లూసర్న్ కోసేటప్పుడు పొటాషియం కార్బొనేట్ కలిపిన నీళ్ళు చల్లుతారు. అది మైనపు పొర అడ్డును తగ్గిస్తుంది. మన దేశంలో సాంగ్లీ, నాసిక్ ప్రాంతాలలో ద్రాక్షపళ్ళను కిస్మిస్ చేసేటప్పుడు ముంచే ద్రావణంలో ఉండేదీ ఈ పదార్థమే. ద్రాక్ష తొక్క మీద కూడా మైనపు పొర ఉంటుంది గదా!

రెండో యంత్రం పేరు టెడ్డర్. ట్రాక్టరు వెనక గిరగిర తిరిగే చక్రాలూ, వాటికి వేళ్ళలాటి ఇనప చువ్వలూ ఉంటాయి. అడుగున ఉన్న తడి మేతను అది పైకి ఎగజిమ్మి, విదిలించి, మళ్ళీ పలచగా పరుస్తుంది. ఇటువంటి యంత్రం ఇంగ్లండులో సుమారు 200 ఏళ్ళ కిందటనే పుట్టింది. అంతకుముందు ఆడా మగా బారులు తీరి పంగలకర్రలతో తిరగవేసేవాళ్ళు. నార్వేలో పొలంలో కర్రలు పాతి, తీగెలు కట్టి, మనం బట్టలు ఆరవేసినట్టు గడ్డిని ఆరవేసేవారు. వాన పడినా పై వరస తడిసేది గాని, లోపలిది భద్రంగా ఉండేది.

టెడ్డరు ఎంత మంచిదైనా, వేళగాని వేళ నడిపితే నష్టమే. లూసర్న్‌లోని మాంసకృత్తులలో సగానికి పైగా ఆకుల్లోనే ఉంటాయి. బాగా ఎండిన ఆకును విదిలిస్తే పొడి అయి రాలిపోతుంది. కట్టలో కాడలే మిగులుతాయి. అందుచేత ఆయన పొద్దున్నే, మేత మీద కొంచెం మంచు తడి ఉండి ఆకు మెత్తగా ఉండగానే దాన్ని తిరగవేసేవాడు. తరవాత మూడో యంత్రం మేతను చాళ్ళుగా పోగువేస్తుంది. నాలుగోది, బేలరు, ఆ చాళ్ళను మింగి కట్టలు కడుతుంది. ఈ బేలర్లు ఇప్పుడు మన వరిచేలలోనూ తిరుగుతున్నాయి.

జూన్ నెలలో ఒక సాయంత్రం జరిగినది చెబుతాను. ఆయన రెండు పొలాలు కోశాడు, రెండోదాన్ని ఒకరోజు ఆలస్యంగా కోశాడు. రెండు రోజులు వాన రాదన్నారు, కాని ఆ మధ్యాహ్నానికే పడమట మబ్బు లేచింది. రాత్రికి వాన తప్పదని తేలింది. ఆయన ఒక్కొక్క పొలంలో చాలు మధ్య నుంచి గుప్పెడు మేత తీసి, కాడను గోటితో గీరి చూశాడు. తోలు ఊడి వస్తే లోపల ఇంకా తడి ఉన్నట్టు. అంతటితో ఊరుకోలేదు. 100 గ్రాముల చొప్పున తూచి, మైక్రోవేవ్ పొయ్యిలో కొంచెం కొంచెంగా ఎండబెట్టి, బరువు ఇక తగ్గని దాకా మళ్ళీ మళ్ళీ తూచాడు. మొదటి పొలంది 82 గ్రాములకు వచ్చి ఆగింది. అంటే నీరు 18 వంతులు. రెండో పొలంది 55 గ్రాములకు దిగింది. అంటే నీరు 45 వంతులు.

మొదటి పొలం కట్టలు చకచకా కొట్టానికి చేరాయి. “ఆ రెండోది కూడా కట్టి లోపల పడేద్దాం, తరవాత అదే ఆరుతుంది,” అన్నాడు ఆయన కొడుకు. వానకు వదిలేస్తే మేతలో ఉన్న చక్కెర కాస్తా కొట్టుకుపోతుంది మరి. ఆయన జవాబు చెప్పకుండా రోడ్డు పక్కన గడ్డిలో కనిపించే రాతి పునాదిని చూపించాడు. అది ఆయన తాతగారి నాటి కొట్టం. ఆయన చిన్నతనంలో, పచ్చి ఆరని మేత పేర్చిన మూడో వారంలో అది కాలి బూడిదైందట. లోపల ఉన్న పశువులను బయటికి తోలటానికి వ్యవధి లేకపోయిందని మాత్రం చెప్పి ఊరుకున్నాడు.

మరి రెండో పొలం మేత ఏమయింది? దాన్ని అలాగే గుండ్రటి కట్టలు కట్టి, ఒక్కొక్క కట్టకూ గాలి చొరకుండా ప్లాస్టిక్ పొర పలుచుట్లు చుట్టించాడు. గాలి లేకపోతే బూజు పెరగదు, మేత అంటుకోదు. లోపల కొన్ని రకాల సూక్ష్మజీవులు చక్కెరను పుల్లటి ఆమ్లంగా మారుస్తాయి. ఆ పులుపే మేతను చెడకుండా కాపాడుతుంది. మన పాడి రైతులు వేసే పాతరగడ్డి కూడా ఇలాటిదే. ఎండితే వరుగు, ఎండకపోతే ఊరగాయ! అయితే ఇది ఉచితంగా రాదు. చుట్టే యంత్రానికి అద్దె, ప్లాస్టిక్‌కు ఖరీదు ఇవ్వాలి, ఆ ప్లాస్టిక్‌ను పారవెయ్యటం మరొక తలనొప్పి. ఆయన అన్నీ తెలిసే ఆ ఖర్చుకు సిద్ధపడ్డాడు. చివరి కట్ట చుట్టేసరికి చినుకులు మొదలయ్యాయి. మేము తడుస్తూ ఇంటికి వచ్చాము.

ఇదంతా చదివి, మనకెందుకులే అనుకోకండి. మన కళ్ళాలలోనూ, రోడ్ల పక్కనా వరి రైతులు ధాన్యం ఆరబోసి, అందులో కాళ్ళతో చాళ్ళు తీస్తూ అటూ ఇటూ నడవటం మీరు చూసే ఉంటారు. అడుగు గింజను పైకి తెచ్చి గాలి తగిలించే ఆ కాలే మన టెడ్డరు. కొనుగోలు కేంద్రంలో ధాన్యానికి తేమ 17 శాతం మించరాదని నియమం ఉన్నది. కార్తీకంలో తుఫాను పట్టితే ఆ ఒక్క అంకె కోసం ఇంటిల్లిపాదీ నిద్ర మానుకుంటారు. ఈసారి రోడ్డు మీద ధాన్యం కనిపిస్తే, దారికి అడ్డమని విసుక్కోకండి. దాని పక్కన నిలబడ్డ మనిషి ఆకాశం వంక ఎందుకు చూస్తున్నాడో ఇప్పుడు మీకు తెలుసు.

చివరకు మీకొక పని ఇస్తాను. అమ్మనడిగి తోటకూర కాడలు తెచ్చుకోండి. ఒకే బరువు ఉన్న మూడు భాగాలు చెయ్యండి. మొదటి భాగాన్ని కట్టగా కట్టండి. రెండోదాన్ని పళ్ళెంలో విడివిడిగా పరవండి. మూడోదాన్ని అప్పడాల కర్రతో కొంచెం నలిపి, అలాగే పరవండి. మూడింటినీ ఒకే ఎండలో పెట్టి, పొద్దున, సాయంత్రం తూచి, బరువులు పుస్తకంలో రాసుకోండి. రెండు రోజులయ్యాక ఏది ఎంత తగ్గిందో నూటికి ఎన్ని వంతులో లెక్క కట్టండి. ఒకవేళ మధ్యలో మబ్బు పడితే దిగులుపడవద్దు. ఆ అంకెలు కూడా రాయండి, వాటిని చూస్తే రైతు కష్టం ఇంకా బాగా తెలుస్తుంది.